కుడిచేతి ఎండ

మా రేపల్లె డిపోలో ఏ డ్రైవరును చూసినా రెండు రంగుల చేతులుంటాయి. ఎడమ చెయ్యి కన్నతల్లి ఇచ్చిన రంగు. కుడి చెయ్యి కిటికీ ఇచ్చిన రంగు. మధ్యాహ్నం తెనాలిలో బయల్దేరి రేపల్లె వచ్చే బండి అయితే మరీ అన్యాయం. వేమూరు, భట్టిప్రోలు దాటి ఇల్లు చేరేదాకా సూర్యుడు కుడిపక్కనే వేలాడుతూ వస్తాడు, టికెట్ లేని ప్రయాణికుడిలాగా. దింపేద్దామంటే దిగడు.

ఆ బండి మీద నేను కండక్టర్ని. పేరు వెంకటరత్నమ్మ, పుట్టిల్లు పిట్టలవానిపాలెం. బండి నడిపేది ఆశీర్వాదం. మా ఇద్దరికీ జోడీ కుదిరి చాలా ఏళ్ళయింది. నేను అన్నయ్యా అంటాను, ఆయన చెల్లెమ్మా అంటాడు. నా నోట్లో నువ్వుగింజ నానదు. ఆయన నోరు తెరవాలంటే బ్రేకులు ఫెయిలవ్వాలి. కష్టమొస్తే మాత్రం స్టీరింగు మీద వేళ్ళతో తాళం వేస్తూ చర్చి పాట ఒకటి సన్నగా అందుకుంటాడు. ఆ పాట వినబడిందంటే ముందు ట్రాఫిక్ అయినా జామయి ఉంటుంది, ఆయన నడుమైనా పట్టేసి ఉంటుంది.

ఈ ఏడు రోహిణి కార్తె రాకముందే ఎండలు రోళ్ళు పగలగొట్టడం మొదలుపెట్టాయి. ఒకరోజు మధ్యాహ్నం వేమూరు దగ్గర రైలుగేటు పడింది. రైలు ఎంతకీ రాదు. ముందు లారీ, వెనక ట్రాక్టరు, కదలడానికి దారి లేదు. ఆడవాళ్ళకు బస్సు ఫ్రీ అయ్యాక మా బండిలో కాలు పెట్టే చోటు ఎప్పుడూ ఉండదు. అందరూ కొంగులు తడిపి నెత్తిన వేసుకుని నన్నే తిట్టడం మొదలుపెట్టారు, రైలును నేనే పట్టుకుని ఆపినట్టు. నాకు ఒళ్ళు మండి, దిగి వెళ్ళి గేటు దగ్గరి మనిషితో పోట్లాట పెట్టుకున్నాను. అన్నయ్య మాత్రం అలవాటుగా కుడి మోచెయ్యి కిటికీ మీద ఆనించి కూర్చున్నాడు. గేటు లేచేసరికి ఆ చెయ్యి మోచేతి నుంచి మణికట్టు దాకా ఎర్రగా కందిపోయింది. నడిరోడ్డు మీద నిలబడి అరిచిన పాపానికి నా మెడ కూడా కాలింది. పైగా బ్యాగు పట్టీ సరిగ్గా అక్కడే ఒరుసుకుంటుంది. నాదంటారా, మొండి ఘటం. ఇంటికెళ్ళి చన్నీళ్ళు పోసుకుని ఊరుకున్నాను.

అన్నయ్య చెయ్యి ఊరుకోలేదు. పొట్టు లేచింది, కింద కొత్త చర్మం మీద మళ్ళీ అదే ఎండ పడింది, నల్లగా కమిలింది. అప్పుడు కృపమ్మ వదిన కంట్లో పడింది.

కృపమ్మ వదిన అన్నయ్య భార్య. బస్టాండు వెనక సందులో, లూథరన్ చర్చి పక్కనే ఇల్లు. వరండాలో మిషను వేసుకుని జాకెట్లు కుడుతుంది. కూతురు జెస్సీ బాపట్లలో చదువుకుంటోంది. రోజూ పొద్దున బండి బయల్దేరే వేళకు వదిన క్యారేజీ పట్టుకొచ్చి డ్రైవరు కిటికీలోంచి అందిస్తుంది. నాకోసం పైగిన్నెలో ఏదో ఒకటి విడిగా పెడుతుంది. ఇంత మంచి మనిషిలో నాకు ఒక్కటే నచ్చేది కాదు. ఎవరికైనా ఒంట్లో బాగాలేదంటే దగ్గరికి రాదు. అన్నయ్యకు బీపీ మాత్ర కూడా చేతికివ్వదు, స్టూలు మీద పెట్టి పక్కకు తప్పుకుంటుంది. ఒకసారి వాళ్ళింట్లో నాకు తలనొప్పి వస్తే మందు సీసా అదే స్టూలు మీద పెట్టి, “రాసుకో రత్నమ్మా,” అని అవతలికి జరిగింది. ఇదేం చోద్యం, అంటుకుంటుందనా అనుకున్నాను. మనసులో అనుకుని ఊరుకునే రకం కాను కదా, బయటికే అన్నాను. ఆవిడ నవ్వేసి వెళ్ళి మిషను తొక్కుకుంది.

అలాంటి మనిషి ఒకరోజు పొద్దున క్యారేజీ అందించి వెళ్ళిపోకుండా కిటికీ కిందే నిలబడింది.

“చెయ్యి బయట పెట్టండి,” అంది.

“ఏంటి కృపా, జనం చూస్తారు.”

“చూడనీండి. మీ చెయ్యేగా, దొంగసొత్తు కాదుగా.”

అన్నయ్య కుడి చెయ్యి కిటికీలోంచి కిందికి చాచాడు. వదిన ఎడమచేత్తో మోచేతి కింద గట్టిగా పట్టుకుని, కొంగు చాటు నుంచి సగం కోసిన నిమ్మచెక్క తీసి రుద్దడం మొదలుపెట్టింది. తెనాలి నిమ్మకాయల యార్డులో పనిచేసి మా బండిలో వచ్చే ఆడవాళ్ళు ఏరుకున్న రాలుకాయలు అన్నయ్యకు ఇస్తుంటారు. వాటికి ఇంట్లో కొదవ లేదు. రసం చేతి మీద నుంచి జారి ఆవిడ వేళ్ళ సందుల్లోకి కారుతోంది.

“ఎండకి కమిలిన చోట ఇది రుద్దితే నలుపు ఊడిపోద్దంట. ఫోన్లో చూశా. కడగమాకండి, అట్టాగే ఆరనీండి. ఎండ తగిలితే ఇంకా బాగా పనిచేస్తదంట.”

నేను ఫుట్‌బోర్డు మీద నుంచి ఆశ్చర్యంగా చూశాను. “వదినా, నువ్వేనా? మందంటే ఆమడ దూరం పోతావుగా?”

“ఇది మందు కాదుగా రత్నమ్మా,” అంది. “నిమ్మకాయేగా.”

ఆ మాట అన్నప్పుడు ఆవిడ ముఖం చూడాలి. కొత్తగా సైకిలు తొక్కడం వచ్చిన పిల్ల, చేతులు వదిలేసి చూపించినప్పుడు అలా ఉంటుంది. రుద్దడం అయ్యాక కళ్ళు మూసుకుని ఆ చెయ్యి మీద చెయ్యి వేసి చిన్న ప్రార్థన చేసుకుంది. బండి కదిలింది.

అప్పటి నుంచి రోజూ అదే తంతు. ప్రయాణికులకు కూడా అలవాటైపోయింది. వదిన రావడం కాస్త ఆలస్యమైతే, “నిమ్మకాయమ్మ గారు ఇంకా రాలేదేంటండి?” అని అడిగేవాళ్ళు. చెయ్యి బాగుపడిందా అంటే లేదు. నలుపు పోవడం సంగతి అటుంచి, కొత్తగా ఎర్రటి చారలు తేలాయి. వాటిమీద నీటిపొక్కులు లేచాయి. వదిన కంగారుపడి ఇంకా ఎక్కువ రుద్దింది. పొక్కు మీద నిమ్మరసం పడితే ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? అన్నయ్య పళ్ళు బిగించి పాట అందుకునేవాడు. ఆవిడేమో, నా మొగుడు హుషారుగా ఉన్నాడని మురిసిపోయేది.

ఒకరోజు తెనాలి బస్టాండులో ఆ చెయ్యి కిటికీ చట్రానికి తగిలి అన్నయ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇక నేను ఆగలేదు. బండికి అక్కడ కాస్త విరామం ఉంటుంది. ఆయన్ని రెక్క పట్టుకుని, ఆ పక్క వీధిలో చర్మవ్యాధుల డాక్టరు మోహనకృష్ణ గారి దగ్గరికి లాక్కెళ్ళాను.

డాక్టరు గారు చెయ్యి వెలుతురులోకి తిప్పి చూశారు. “మీరు నిమ్మకాయల బేరం చేస్తారా?” అని అడిగారు.

“లేదండి, బస్సు డ్రైవర్నండి.”

“ఎండ ఒక్కటే ఇలా గీతలు గీయదు. నిమ్మరసం అంటిన చర్మానికి ఎండ తగిలితే ఇలా కాలిపోతుంది. యార్డులో పనిచేసేవాళ్ళు, సోడాబండ్ల వాళ్ళు ఏటా వేసవిలో నా దగ్గరికి వస్తూనే ఉంటారు. రసం ఎక్కడ కారితే అక్కడ పొక్కుతుంది.” ఆయన వేలు ఆ చారల మీదుగా గాలిలో కదిలింది. పక్కపక్కనే నాలుగు సన్నటి చారలు. చేతికి అవతలి పక్క, ఉసిరికాయంత గుండ్రటి మచ్చ. “ఈ చెయ్యి ఎవరు పట్టుకున్నారు?”

నేను నోరు తెరిచాను. బల్ల కింద అన్నయ్య నా కాలు తొక్కాడు. డ్రైవరు కాలు కదా, బ్రేకు తొక్కినట్టే తొక్కాడు.

“నేనేనండి. చేతికి డీజిల్ వాసన పోద్దని నిమ్మచెక్క రుద్దుకుంటానండి.”

డాక్టరు గారు ఆయన ఎడమచేతి వైపు చూశారు. అరటిపళ్ళలాంటి లావుపాటి వేళ్ళు. ఆ చారలేమో సన్నంగా, ఆడమనిషి వేళ్ళంత ఉన్నాయి. ఆయన ఇంకేమీ అడగలేదు. “ఎవరు రుద్దినా సరే, ఇక నిమ్మకాయ తగలకూడదు,” అన్నారు. పొక్కులు చిదపొద్దన్నారు. చన్నీళ్ళలో తడిపిన మెత్తటి గుడ్డ వేసి మంట తగ్గాక ఒక ఆయింట్‌మెంటు పలచగా రాయమన్నారు. పుండు పూర్తిగా మానాక, బయల్దేరడానికి కాస్త ముందుగా ఎండ క్రీము మందంగా రాసుకుని, తెనాలిలో మళ్ళీ ఒకసారి రాసుకోమన్నారు. ఆ పైన చేతికి నూలుగుడ్డ తొడుగు వేసుకుని తీరాలన్నారు. నల్ల గుర్తులు మాత్రం నెలల తరబడి ఉంటాయని, వాటిని పోగొట్టాలని ఏదీ రుద్దొద్దని గట్టిగా చెప్పారు.

బయటికి వచ్చాక నేను విరుచుకుపడ్డాను. “కాలు పచ్చడి చేశావుగా! వదిన రుద్దిందని చెబితే ఏం పోయింది? ఆవిడకి చెప్పకపోతే రేపు పొద్దున మళ్ళీ చెక్క పట్టుకుని కిటికీ కింద నిలబడద్ది.”

అన్నయ్య సోడాబండి నీడలో నిలబడ్డాడు. బండివాడు నిమ్మకాయ కోస్తుంటే ఒకడుగు వెనక్కి వేశాడు. బ్రేకులు ఫెయిలైనట్టున్నాయి, మాట్లాడాడు.

“జెస్సీ కంటే ముందు మాకో బాబు, చెల్లెమ్మా. ఫిన్నీ అని పేరు పెట్టుకున్నాం. మాటలు వచ్చే వయసులో జొరం వచ్చింది. వానాకాలం. నేను రాత్రి అక్కడే ఆగే నైటాల్టు బండి మీద బాపట్లలో ఉన్నా. కృప ఒక్కతే. తిప్పతీగ కషాయం కాసి పట్టింది. తెల్లారి గుంటూరు తీసుకుపోయాం. దక్కలేదు. మెదడుకి పాకిన జొరమమ్మా, నీ కషాయం వల్ల కాదు అని డాక్టరు గారు నా ఎదురుగానే చెప్పారు. కానీ మా అమ్మ, బిడ్డని పడుకోబెట్టిన చాప దగ్గర, అందరూ వింటుండగా, ‘నీ చేత్తో ఏం పోశావే వాడికి’ అంది.”

సోడాబండివాడు గ్లాసు అందించాడు. అన్నయ్య తీసుకోలేదు.

“అంతే. అప్పట్నుంచీ ఎవరికీ తన చేత్తో మందు తాకించదు. జెస్సీకి జొరమొస్తే దూరంగా కూర్చుని ఏడవడమే కానీ, మాత్ర నేనే వెయ్యాలి. ఇన్నేళ్ళకి ధైర్యం చేసి నా చెయ్యి పట్టుకుంది. అదీ నిమ్మకాయ కాబట్టి. ఇప్పుడెళ్ళి, ఇదీ నీ చేత్తోనే కాలింది అని చెప్పమంటావా?”

నాకు ఆ స్టూలు గుర్తొచ్చింది. దాని మీద పెట్టిన మందు సీసా, అవతలికి జరిగి ఆవిడ నవ్విన నవ్వు గుర్తొచ్చాయి. అయ్యో వదినా అనిపించింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత అప్పటికే నా నాలుక చివరికి వచ్చి ఉంది. దాన్ని మింగేశాను.

“నీకు దండం పెడతా, ఈ ఒక్క విషయంలో నోరు కట్టుకో చెల్లెమ్మా,” అన్నాడు. “చెయ్యిదేముంది, మానిపోద్ది. దానికి మాత్రం తెలియకూడదు.”

ఒట్టేశాను. వేశాక భయమేసింది. నాకూ, రహస్యానికీ ఏనాడూ పొత్తు కుదరలేదు.

ఆయన ఇంటికెళ్ళి, ఎండే కారణమని, డాక్టరు గారు ఇచ్చిన మందుతో వేరేవేవీ కలపొద్దన్నారని చెప్పాడట. “అయితే నాదేం వద్దులెండి,” అని వదిన వెంటనే అనేసిందట. నిమ్మచెక్క చెత్తలో వేసి, మందు గొట్టాలు రెండూ స్టూలు మీద పెట్టిందట. మళ్ళీ ఆ పాత స్టూలు.

మందు రాయదు కానీ గుడ్డ సంగతి తనదే అంది. పాత ఖాకీ ప్యాంటు కత్తిరించి, దిండు గలేబులాంటి చెయ్యి ఒకటి కుట్టింది. అటూ ఇటూ ఎలాస్టిక్. భుజం నుంచి మణికట్టు దాకా లాక్కుంటే ఎండకు సందు దొరకదు. మొదటి రోజు డిపోలో అందరూ ఆయన్ని ఆటపట్టించారు. మెకానిక్ రమేష్ బాబు అయితే, “అన్నయ్యకి పెళ్ళిచూపులు కుదిరినయ్యంట, రంగు తగ్గకూడదంట,” అని గోల గోల. నాలుగు రోజులు కాగానే ఒక్కొక్కడే వచ్చి, “వదిన గారికి చెప్పి మాకూ ఒకటి కుట్టించు అన్నయ్యా,” అని చెవిలో ఊదడం మొదలుపెట్టారు. వదిన రాత్రింబగళ్ళు ఖాకీ చేతులే కుట్టింది. “గుడ్డయితే భయం లేదు రత్నమ్మా. గుడ్డ వల్ల ఎవరికీ ఏం కాదు,” అంది నాతో. ఎందుకందో నాకు తెలుసు. తెలియనట్టు దారం చుట్టడం చూస్తూ కూర్చున్నాను. అంత కష్టమైన పని నేనెప్పుడూ చేయలేదు.

పొక్కులు ఎండాయి, పుండు మానింది. గుర్తు మిగిలింది. డాక్టరు గారు చెప్పినట్టే ఎర్రచారలు నల్లబడి, అంతకు ముందు కంటే స్పష్టంగా తేలాయి. నాలుగు వేళ్ళు, వేలికొసల గుండ్రంతో సహా. అటు బొటనవేలు. చూసినవాడెవడైనా ఇది చెయ్యే అంటాడు. అన్నయ్యకు అసలు చిక్కు అప్పుడు వచ్చింది. ఇంట్లో కూడా ఆ గలేబు విప్పడు. స్నానానికి దాంతోనే వెళ్ళి, వచ్చేటప్పుడు పొడిది తొడుక్కుని వస్తాడు. ఎండ క్రీము ఎడమచేత్తో రాసుకునేవాడు. ఎదురుగా ఉన్నచోట మూడు పూతలు, మోచేతి వెనక అసలు లేదు. ఆ వెనకభాగం మళ్ళీ కందడం మొదలైంది.

రోహిణి కార్తెలో, చెమటకు తడిసిన గలేబు విప్పని మొగుణ్ణి చూసి ఏ భార్యకు అనుమానం రాదు? ఒకరోజు పొద్దున వదిన క్యారేజీ అందించి, వెళ్ళకుండా బండెక్కింది. నా పక్కన నిలబడి మెల్లగా అడిగింది.

“రత్నమ్మా, నిజం చెప్పు. ఆ చేతికేమైంది?”

“ఏం లేదు వదినా. ఎండ.”

“పుండు లోపలికి పోయిందా? తీసేయాలన్నారా చెయ్యి?”

“ఛ ఛ, అవేం మాటలు! బానే ఉంది.”

“బానే ఉంటే నాకెందుకు చూపించట్లా? బండి నడపొద్దంటారని దాస్తున్నారా? ఇద్దరూ కలిసి దాస్తున్నారు. నువ్వు ఇట్టా ఒక్క ముక్కలో జవాబు చెప్పడం నేనెప్పుడూ వినలా.”

ముందు సీటులో కూర్చుని తెనాలి దాకా ఆయన భుజం వైపే చూస్తూ వచ్చింది. ఆ భయంలో ఆవిడ ముఖం పీక్కుపోయింది. చెప్పేద్దామా అని చుండూరోళ్ళు ఎక్కినప్పుడొకసారి, వాళ్ళు దిగినప్పుడొకసారి నోటిదాకా వచ్చింది. టికెట్ మిషను అనవసరంగా రెండుసార్లు నొక్కి సరిపెట్టుకున్నాను.

తెనాలిలో జనం దిగిపోయారు. అన్నయ్య సీట్లోనే కూర్చుని నీళ్ళు తాగుతున్నాడు. వదిన దిగి, బండి చుట్టూ తిరిగి, డ్రైవరు కిటికీ కింద నిలబడింది. నేనూ వెనకే వెళ్ళాను.

“చెయ్యి బయట పెట్టండి.”

అదే మాట. అదే గొంతు. అన్నయ్య నావైపు చూశాడు. నేను తల దించుకున్నాను.

“ఏం లేదు కృపా, మానిపోయింది...”

“పెట్టండి.”

చాచాడు. ఆవిడ తన చేత్తో కుట్టిన గలేబును మణికట్టు నుంచి పైకి దోపింది. పుండు లేదు, చీము లేదు. ఎండలో కళ్ళు చిట్లించి చూసి, గట్టిగా ఊపిరి వదిలింది. “మానిందిగా! దేవా, వందనాలు. చంపేశారు గదండీ నన్ను. ఈ మాత్రానికి...” నవ్వుతూ, ఇంకా దగ్గరగా చూద్దామని చెయ్యి తిప్పబోయి, ఎడమచేత్తో మోచేతి కింద పట్టుకుంది. రోజూ పొద్దున పట్టుకున్న చోటే.

వేళ్ళు వెళ్ళి గుర్తుల మీద కూర్చున్నాయి.

ఆవిడ నవ్వు ఆగిపోయింది. వేళ్ళు తీసి చూసింది. మళ్ళీ పెట్టింది. చూపుడువేలు గుర్తు మీద చూపుడువేలు, చిటికెనవేలు గుర్తు మీద చిటికెనవేలు. తేడా లేదు.

“ఇవి నా వేళ్ళు,” అంది.

అన్నయ్య చెయ్యి వెనక్కి తీసుకోబోతే ఆవిడ వదల్లేదు.

“నిమ్మకాయేనా?”

“నిమ్మకాయ ఒక్కటే కాదు కృపా. దాని మీద ఎండ పడితేనే...”

“డాక్టరు గారు చెప్పారా?”

“ఊఁ.”

“అప్పుడే చెప్పారా? మొదట్లోనే?” ఆవిడ నావైపు తిరిగింది. “నీకూ తెలుసు.”

నేను తల ఊపాను.

“అంత మండుతుంటే రోజూ ఎట్టా పెట్టారండీ చెయ్యి?”

“పాట పాడుకున్నాగా.”

వదిన కళ్ళలోంచి నీళ్ళు టపటపా రాలాయి. కొంగుతో తుడుచుకోవడం కూడా మర్చిపోయింది. “మరి నాకెందుకు చెప్పలా?”

అన్నయ్య కిటికీలోంచి వంగి ఆవిడ ముఖంలోకి చూశాడు. “చెబితే మళ్ళీ ఈ చెయ్యి పట్టుకోవని.”

ఆవిడ వేళ్ళు వదిలేసింది. తన అరచెయ్యి ఒకసారి చూసుకుని, కొంగులో చుట్టేసుకుంది. ఏది జరుగుతుందని భయపడి ఆయన అంతకాలం పొక్కులు దాచాడో, సరిగ్గా అదే జరిగిందని నాకు అర్థమైంది.

తిరుగుబండిలో వదిన వెనక సీటుకు పోయి కూర్చుంది. చెయ్యి కొంగులోంచి బయటికి తీయలేదు. పక్కన కూర్చున్న కొల్లూరు ముసలామె నీళ్ళసీసా మూత రావట్లేదమ్మా అంటే, ఎడమచెయ్యి దాచుకునే, ఒక్క కుడిచేత్తో అవస్థపడి తీసిచ్చింది. వేమూరు గేటు దగ్గర బండి ఆగింది. అన్నయ్య పాడలేదు. పాడి ఉంటే బాగుండేది. రేపల్లెలో దిగి, మాకిద్దరికీ ఒక్క మాటైనా చెప్పకుండా వదిన సందులోకి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున వదిన బస్టాండుకు రాలేదు. క్యారేజీ అన్నయ్యే పట్టుకొచ్చాడు, అదీ ఆలస్యంగా. చేతికి గలేబు ఉంది. ముఖం చూస్తే ఏమీ తెలియలేదు. అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. నాకు! దారి పొడుగునా ఇంట్లో ఎంత ఏడుపు జరిగిందో, ఆ స్టూలు మీద ఇంకేమేం చేరాయో ఊహించుకుంటూ, చిల్లర తప్పు ఇచ్చి తిట్లు తిన్నాను.

తెనాలిలో బండి ఆపాక ఆయన గలేబు పైకి దోపాడు. రెండోసారి క్రీము రాసుకునే వేళ. నేను చూసి బిత్తరపోయాను. చెయ్యంతా తెల్లగా, పెళ్ళింటి గోడకు సున్నం కొట్టినట్టు ఉంది. మోచేతి వెనక కూడా ఎక్కడా ఖాళీ లేదు. ఇంకా చర్మంలోకి ఇంకని క్రీములో, నల్లటి గుర్తుల పక్కనే, నాలుగు వేళ్ళు సాగిన దారి కనిపిస్తోంది.

“ఇంత మందంగా రాస్తారా ఎవరైనా?” అన్నాను. “సగం గొట్టం అయిపోయుంటుంది.”

“నేనూ అదే అన్నా. నోర్మూసుకోమంది.”

“వదినే?”

“పొద్దున్నే లేచి, స్టూలు మీద నుంచి గొట్టం తీసుకుంది. దాని మీద రాసినదంతా నాతో చదివించుకుంది, రెండుసార్లు. నిమ్మకాయ ఉందా ఇందులో అని అడిగింది. లేదన్నా. రాసి, భయమేసి కడిగేసింది. మళ్ళీ రాసింది. మళ్ళీ కడిగింది. మూడోసారి కడక్కుండా ఉంచింది. అందుకే బండికి లేటైంది, చెల్లెమ్మా, డిపో మేనేజరు గారికి చెప్పమాక.”

నేను సూర్యుడి వైపు చూసినట్టు నటించి కళ్ళు తుడుచుకున్నాను. అన్నయ్య గొట్టం తీసి రెండో పూత మొదలుపెట్టాడు. ఆవిడ రాసిన చోట్లు చెరిగిపోకుండా, జాగ్రత్తగా, పైపైన అద్దుకున్నాడు.

“అన్నట్టు,” అన్నాడు తల ఎత్తకుండా. “సాయంత్రం ఇంటి దగ్గర దిగి వెళ్ళమంది నిన్ను.”

“ఎందుకు, తిట్టడానికా? దాచానని?”

“తిడతదిలే, అది ఎటూ ఉంటది. నీ మెడ కాలి ఎన్నాళ్ళయిందీ, దాని మీద ఏం రాసుకుందీ అని అడిగింది. ఏం రాయలేదని చెప్పా. రమ్మను, నేను చూస్తా అంది.”

బ్యాగు పట్టీ అప్పుడే ఒరుసుకుని మెడ భగ్గుమంది. జనం ఎక్కేశారు, బయల్దేరే వేళయింది. రైట్ రైట్ అందామని నోరు తెరిస్తే గొంతు రాలేదు. బండి పక్కన చేత్తో రెండు దెబ్బలు కొట్టాను. అన్నయ్య పాట అందుకుని గేరు వేశాడు.